బల్లమీది బెల్ ప్రయోగం కిట్: ఎస్ విలువ వస్తుంది, కాంతివేగం పేచీ తేలదు

405 నానోమీటర్ల లేజర్, అక్షాలు ఒకదానికొకటి లంబంగా ఉండేలా జతచేసిన రెండు పల్చటి బీబీఓ స్ఫటికాలు (ఒక ఫోటాన్‌ను ముడిపడిన రెండు ఫోటాన్లుగా మార్చేవి), రెండు పోలరైజర్లు, ఒక్కో ఫోటాన్‌నూ పట్టే రెండు ఏపీడీ డిటెక్టర్లు, రెండూ ఒకేసారి పట్టిన జతలను లెక్కించే ఒక కోయిన్సిడెన్స్ కౌంటర్. ఎమ్మెస్సీ ల్యాబులకు అమ్మే ఎంటాంగిల్‌మెంట్ (ఫోటాన్ల ముడి) కిట్ ఏది విప్పినా దాదాపు ఇదే సరంజామా.

జతల లెక్కల నుంచి వచ్చే బెల్ సంఖ్యే ఎస్; ఫోటాన్లు జవాబులు ముందే మోసుకొస్తూ, ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకోకపోతే అది 2 దాటదు. పెట్టె విప్పగానే ఎస్ విలువ కోసం ఎగబడొద్దు. ముందు 0, 90 డిగ్రీల్లో, తర్వాత 45, 135లో విజిబిలిటీ (జతల లెక్కలో ఎక్కువ తక్కువల తేడా ఎంత స్పష్టమో చెప్పే శాతం) చూసుకోండి. మొదటిది 95 శాతం ఉండి రెండోది 40 దగ్గరే ఆగిపోతే, చాలాసార్లు తప్పు ఫేజ్‌ది, అంటే రెండు స్ఫటికాల నుంచి వచ్చే తరంగాల మధ్య వరస తేడాది. లేజర్ దారిలో ఉన్న క్వార్ట్జ్ పలకను వెంట్రుకవాసి చొప్పున వంచుతూ పోవాలి. రెండింటి సగటు 71 శాతం దాటితేనే ఎస్ 2 దాటుతుంది; సిద్ధాంతం ఇచ్చే గరిష్ఠం 2.828.

రీడింగులు పదహారు: ఒక పక్క 0, 45, 90, 135, రెండో పక్క 22.5, 67.5, 112.5, 157.5. ఒక్కోటి 10 సెకన్లు. చేత్తో తిప్పినా పావుగంట పని, మోటారు పోలరైజర్లకు పెట్టే డబ్బు దండగ. అది కౌంటర్ మీద పెట్టండి. రెండు పక్కలా సెకనుకు 50,000 కౌంట్లుంటే, 10 నానోసెకన్ల విండోలో (ఒకేసారి వచ్చినట్టు లెక్కించే వ్యవధిలో) కాకతాళీయ జతలే సెకనుకు 25 పడతాయి. విండో 2 నానోసెకన్లయితే 5కి దిగుతాయి.

కిట్‌లో అసలు రుచి ఇంకోచోట ఉంది. కుడి పోలరైజర్ తిప్పుతూ ఎడమ డిటెక్టర్ కౌంట్లు చూడండి: కదలవు. జతల లెక్క మాత్రం లేస్తూ పడుతూ ఉంటుంది. తరంగ ప్రమేయం (ఫోటాన్ల జత స్థితిని చెప్పే గణితం) అక్కడ కొలతతో కూలితే ఇక్కడికి కబురెందుకు అందదో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఎడమ కౌంట్లు కదిలాయా? కాంతిని మించిన సందేశం కాదు, ట్యూబులైటు ఆర్పలేదు, లేదా లేజర్ ఇంకా వేడెక్కలేదు.

సాపేక్షతతో అసలు పేచీని, అంటే ఒక పక్క కొలత ప్రభావం కాంతికన్నా వేగంగా రెండో పక్కకు చేరిందా అన్నదాన్ని, మాత్రం ఈ బల్ల తేల్చలేదు. డిటెక్టర్ల మధ్య మీటరు దూరం, కాంతికి 3.3 నానోసెకన్లు, మన చెయ్యి పోలరైజర్ తిప్పడానికే సెకన్లు. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో అందుకే 1.3 కిలోమీటర్ల ఎడం పెట్టారు. కోణాల ఎంపిక, కొలత రెండూ అవతలి నుంచి కాంతి వచ్చేలోపే ముగిశాయి. 245 ప్రయత్నాల్లో ఎస్ 2.42 వచ్చింది. అంత ఎడంలో ఏ కొలత ముందో చూసేవాడి వేగాన్ని బట్టి మారిపోతుంది, కాబట్టి ఏది దేన్ని కూల్చిందన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబుండదు.

తిప్పే పోలరైజర్‌కు బదులు, కదలని పోలరైజర్ ముందు తిప్పే హాఫ్‌వేవ్ ప్లేటు (కాంతి పోలరైజేషన్‌ను తిప్పే పలక) ఇచ్చిన కిట్ అయితే కోణాలన్నీ సగం చేసి పెట్టండి, 22.5కి 11.25. బీబీఓ తేమ పీల్చుకుంటుంది. పని కాగానే సిలికా జెల్ వేసిన డబ్బాలో మూసేయాలి.