అద్దె ఇంటి కరెంటు బిల్లు: నాలుగేళ్లు ప్లగ్ మీటర్ వాడాక

గోడకున్న సాకెట్‌కీ మనం వాడే వస్తువు ప్లగ్‌కీ మధ్యలో పెట్టుకునే చిన్న మీటర్ ఒకటి దొరుకుతుంది. ఆ వస్తువు ఇప్పుడు ఎన్ని వాట్లు లాగుతోందో, పెట్టినప్పటి నుంచి ఎన్ని యూనిట్లు కాల్చిందో చూపిస్తుంది. నా దగ్గర అది నాలుగేళ్లుగా ఉంది, ఈలోపు రెండు అద్దె ఇళ్లు చూసింది. సొంత ఇల్లైతే పైన సోలార్ పెట్టించుకోవచ్చు, వైరింగ్ మార్పించుకోవచ్చు. అద్దెకుండే మనకి గీజర్ ఓనర్‌ది, ఫ్యాన్లు ఓనర్‌వి, ఒక్కోసారి ఫ్రిజ్ కూడా ఓనర్‌దే, బిల్లు మాత్రం మనది. అందుకే నేను పెట్టుకున్న నియమం ఒకటే: ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వెంట తీసుకెళ్లగలిగే వాటి మీదే డబ్బు పెట్టాలి, అది కూడా కరెంటు ఎక్కడ పోతోందో కొలిచి చూశాకే.

కొన్న మొదటి వారం ఇంట్లో ఉన్న ప్రతి ప్లగ్‌కీ తగిలించి చూశాను. అప్పటిదాకా ఫోన్ చార్జర్ సాకెట్‌లో ఉండిపోయిందని ఇంట్లో వాళ్ల మీద అరిచేదాన్ని, ఫోన్ లేకుండా ఖాళీగా ఉన్న చార్జర్‌కి మీటర్ సున్నా చూపించింది. అసలు ఏమీ తీసుకోదని కాదు గానీ అది ఈ మీటర్‌కి అందనంత తక్కువ. అదే సెట్‌టాప్ బాక్స్ చూడండి, టీవీ నడుస్తున్నప్పుడు 12 వాట్లు, రిమోట్‌తో ఆఫ్ చేస్తే 10. అంటే ఆఫ్ చేసినా చేయనట్టే. మేము రోజుకి మూడు గంటలు టీవీ చూస్తే మిగతా 21 గంటలు అది ఊరికే 10 వాట్లు తింటూ కూర్చుంటోంది, నెలకి ఆరు యూనిట్ల పైనే. స్విచ్ బోర్డు దగ్గరే ఆపేయడం మొదలుపెట్టాం. మళ్లీ వేసినప్పుడు బొమ్మ రావడానికి రెండు నిమిషాలు పడుతుంది, అది భరించొచ్చు.

ఫ్రిజ్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. కంప్రెసర్ ఆగుతూ, నడుస్తూ ఉంటుంది కాబట్టి ఆ క్షణం కనిపించే వాట్లు చూసి ఏమీ చెప్పలేం, కనీసం ఒక రోజంతా వదిలేసి యూనిట్లు చూడాలి. మొదటి ఇంట్లో ఓనర్ ఇచ్చిన పాత ఫ్రిజ్ 24 గంటలకి 1.9 యూనిట్లు చూపించింది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే పై భాగంలో గట్టిగా పట్టుకుంది, కింద మూల దగ్గర మాత్రం జారి చేతిలోకి వచ్చేసింది. చూస్తే అక్కడ రబ్బరు మడతలో నల్లగా జిడ్డు పేరుకుపోయి, రబ్బరు లోపలికి ముడుచుకుపోయి ఉంది. గోరువెచ్చని సబ్బు నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి తోమి, రబ్బరుని వేళ్లతో బయటికి లాగి సరిచేశాను. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచు కరగనిచ్చి, ఫ్రిజ్‌ని గోడకి జానెడు దూరం జరిపాను. అదే వారంలో, అదే ఎండలో మళ్లీ కొలిస్తే 1.4 వచ్చింది. రోజుకి అర యూనిట్ అంటే నెలకి 15, రూపాయి ఖర్చు లేకుండా, ఎవరి అనుమతీ అక్కర్లేకుండా.

గీజర్‌ది పెద్ద లోడు, ఇక్కడ జాగ్రత్త. మాది 2000 వాట్లది, 25 లీటర్లు, దాని సాకెట్ బాత్రూమ్ బయట గోడకి ఉంది కాబట్టి పెట్టగలిగాను. తడి తగిలే చోట ఈ మీటర్ అస్సలు పెట్టకండి, 16 ఆంపియర్లది కాకపోతే గీజర్‌కి వాడనే వాడకండి. పెట్టిన గంటకి ప్లగ్ ముట్టుకుంటే కొంచెం వెచ్చగా అనిపించింది, అందుకే రెండు రోజులు కొలిచి తీసేశాను. నిండా ఒకసారి కాగడానికి సుమారు ఒక యూనిట్ అయింది. ఒక్క చుక్క నీళ్లు వాడకుండా రోజంతా ఆన్‌లో ఉంచితే, చల్లబడుతూ మళ్లీ కాగుతూ మరో యూనిట్ పైనే తీసుకుంది. స్నానానికి అరగంట ముందు వేసి తర్వాత ఆపేస్తే చాలు. దాని అడుగున ఉన్న వేడి డయల్ 75 డిగ్రీల దగ్గరుంటే ఓనర్‌ని అడిగి 60కి తగ్గించాను.

ఫ్యాన్లు, ఏసీ, పైన లైట్లు వీటికి ప్లగ్ ఉండదు, ఈ మీటర్‌కి అందవు. ఇదే దీని పెద్ద లోపం. అప్పుడు నేను చేసేది ఇంటి మెయిన్ మీటర్ ముందు నిలబడటం. దాని మీద ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తుంటుంది, పక్కనే ఎన్ని మెరుపులకి ఒక యూనిట్టో రాసుంటుంది, మా దాని మీద 3200 అని ఉంది. మిగతావన్నీ ఆపి హాల్లో పాత ఫ్యాన్ ఒక్కటే ఫుల్‌లో వేస్తే 15 సెకన్లకోసారి మెరిసింది, అంటే గంటకి 240 మెరుపులు, 3200తో భాగిస్తే గంటకి 0.075 యూనిట్, అంటే 75 వాట్లు. కొత్తగా కొన్న బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే మోటార్ ఉన్నది) వేస్తే దాదాపు 38 సెకన్లకి, అంటే 30 వాట్లు. రోజుకి 12 గంటలు తిరిగే ఫ్యాన్‌కి అర యూనిట్ మిగులు. ఓనర్ ఫ్యాన్‌ని, రెగ్యులేటర్‌ని కవర్లో చుట్టి అటక మీద పెట్టాను, ఖాళీ చేసిన రోజు మళ్లీ బిగించి మా ఫ్యాన్లు మేం తెచ్చుకున్నాం. బిగించే ముందు, విప్పిన తర్వాత ఫోటోలు తీసి ఓనర్‌కి పంపండి, అడ్వాన్స్ లెక్క చూసే రోజు మాట పడకుండా ఉంటుంది.

ఆ ఎర్ర లైటు వల్లే రెండో ఇంట్లో అసలు సంగతి బయటపడింది. ఇంట్లో వాడకం అంతా కొలిచి కూడితే బిల్లులో ఉన్నదానికి చాలా తక్కువ వస్తోంది. ఒకరోజు పొద్దున్నే ఫ్రిజ్‌తో సహా లోపల ఎంసీబీలన్నీ (బోర్డులో ఇంటి లైన్లని ఆపే స్విచ్‌లు) దించేసి మీటర్ దగ్గరికి వెళ్తే లైటు దాదాపు సెకనుకోసారి కొట్టుకుంటోంది. నాకు కాళ్లు ఆడలేదు. అలా పది నిమిషాలు చూస్తూ నిలబడ్డాను, కింద మోటార్ చప్పుడు ఆగింది, అదే క్షణం లైటు కూడా ఆగింది. నాలుగు వాటాలకీ నీళ్లెక్కించే మోటార్ మా మీటర్ మీద నడుస్తోంది! ఓనర్ గారికి చెబితే ముందు నమ్మలేదు, "అలా ఎందుకుంటుందమ్మా, ఎప్పుడూ ఎవరూ అనలేదే" అన్నారు. "ఒక్క ఐదు నిమిషాలు ఇక్కడ నిలబడండి అంకుల్" అని మోటార్ వేయించి, ఆపించి చూపించాను. ఆ నెలలోనే లైను మార్పించారు, పాత బిల్లుల సంగతి మాత్రం తేలలేదు. అద్దెకి కొత్తగా దిగేవాళ్లు మొదటి రోజే ఈ పరీక్ష చేయండి, తర్వాత అడిగితే జవాబు చెప్పేవాళ్లుండరు.

ప్లగ్ మీటర్ లోపాలు ఇంకొన్ని. పక్క సాకెట్‌కి అడ్డం వస్తుంది. తెరకి వెలుగు లేదు, సోఫా వెనక సాకెట్‌లో పెడితే టార్చి వేసి వంగి చదవాలి. లోపలి చిన్న బ్యాటరీ రెండో ఏడాదిలో పోయింది, అప్పటినుంచి కరెంటు పోతే లెక్క మళ్లీ సున్నా నుంచే, ఫ్రిజ్‌కి రెండు రోజుల కొలత ఇలా మూడుసార్లు పోగొట్టుకున్నాను. రెండు వాట్ల లోపు వస్తువులకి అది చూపించే అంకె నమ్మలేం. యూనిట్ రేటు ఎక్కిస్తే డబ్బు కూడా లెక్కకడుతుంది గానీ, వాడకం పెరిగేకొద్దీ రేటు మారే చోట ఆ లెక్క తప్పే, యూనిట్లు మాత్రం చూసుకోండి.

ఇంకో మాట, ఇది ఇంటికొకటి ఉండాల్సిన వస్తువు కాదు. అన్నీ కొలవడానికి రెండు మూడు వారాలు చాలు, ఆ తర్వాత సొరుగులో ఉంటుంది. నాలుగు వాటాలవాళ్లు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. మాది ఇప్పుడు కింది వాటా వాళ్ల ఫ్రిజ్‌కి ఉంది, రేపటికి రెండు రోజులవుతుంది.