సైట్ స్క్రూనా, ఖాళీ గోడా: ఎయిర్ పిస్టల్ గురి తప్పుతుంటే ఏది మేలు?

పెల్లెట్లు, అంటే ఎయిర్ పిస్టల్ గుళ్ళు, వరసగా ఎడమ కిందికి పడుతుంటే కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేయి ముందు వెళ్ళేది రియర్ సైట్ (గురి చూడ్డానికి పిస్టల్ వెనక ఉండే గాడి) స్క్రూ మీదికే. నేనూ తిప్పాను. కుడికి మూడు క్లిక్కులు, పైకి రెండు. ఆ సాయంత్రం పది షాట్లు ముచ్చటగా పడ్డాయి. మర్నాడు పొద్దున అవే సైట్లు, అదే పిస్టల్, పెల్లెట్లు మాత్రం కుడి పైన. ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట!

నేను చెబుతున్నది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ గురించి. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన ఈవెంట్ ఇదే. గురి తప్పుతుంటే మన ముందు మూడు దారులు: సైట్ తిప్పడం, ఇంకో డబ్బా పెల్లెట్లు కాల్చడం, పెల్లెట్ లేకుండా ఖాళీ గోడకి ఎదురుగా డ్రై ప్రాక్టీస్ చేయడం. నా ఓటు మూడోదానికి. ఎందుకో చెప్పాలంటే చిన్న లెక్క వేయాలి.

టార్గెట్ మీద పది రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, అంటే చొక్కా బొత్తాం అంత. సైట్లు రెండూ, అంటే వెనక గాడీ, మూతి దగ్గర నిలబడి ఉండే ఫ్రంట్ సైటూ, ఒకదానికొకటి సరిగ్గా ఉండి, చేయి మొత్తం ఒక మిల్లీమీటరు పక్కకి జరిగితే పెల్లెట్ కూడా ఆ ఒక్క మిల్లీమీటరే జరుగుతుంది. పది పదిగానే ఉంటుంది. అదే ఫ్రంట్ సైట్ రియర్ సైట్ గాడిలో ఒక మిల్లీమీటరు పక్కకి పోయిందనుకోండి. రెండు సైట్ల మధ్య 34 సెంటీమీటర్లుంటే, టార్గెట్ దగ్గరికి వచ్చేసరికి ఆ తప్పు దాదాపు 29 మిల్లీమీటర్లవుతుంది. నడిమధ్యకి గురిపెట్టినా పడేది ఏడే. అందుకే చేయి వణుకుతోందని బాధపడేవాళ్ళని చూస్తే నాకు జాలి. వణుకు అందరికీ ఉంటుంది. కొంప ముంచేది ఆఖరి క్షణంలో సైట్లు విడిపోవడం.

వాటిని విడదీసేది చాలాసార్లు వేలే. ఈ ఈవెంట్‌లో ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములుండాలి. పిస్టలేమో ఇంచుమించు కిలో. కిలో వస్తువుని ఒంటిచేత్తో చాచి పట్టుకుని, దాని మీద అరకిలో బలం పెడుతున్నాం. ఆ బలం నేరుగా వెనక్కి రాకుండా "ఇప్పుడే, ఇప్పుడే" అని ఒక్కసారిగా లాగితే మూతి కిందికి దిగుతుంది. కుడిచేతివాళ్ళకి ఎడమ కిందికి పడే పెల్లెట్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. ఏ వైపు పడితే ఏ తప్పో చూపిస్తూ రేంజ్ గోడల మీద అతికించే చక్రం బొమ్మ చెప్పేదీ ఇదే. కాకపోతే ఎడమచేతివాళ్ళు ఆ బొమ్మని అద్దంలో చూసినట్టు తిప్పి చదువుకోవాలి, ఈ సంగతి చాలామంది వాళ్ళకి చెప్పరు.

ఇక పెల్లెట్లు కాలుస్తూ పోతే ఈ రోగం తగ్గుతుందా? నా మటుకు తగ్గలేదు. పేలగానే కళ్ళు మానిటర్ మీదికి పరిగెడతాయి, పిస్టల్ కొద్దిగా కదిలి వేలు చేసిన తప్పుని కప్పేస్తుంది. తొమ్మిది పడిందని తెలుస్తుంది, ఎందుకు పడిందో తెలీదు. ఖాళీ గోడ ముందు దాచుకోవడానికేమీ ఉండదు. టార్గెట్ లేదు కాబట్టి కన్ను ఫ్రంట్ సైట్ మీదే ఉంటుంది. క్లిక్ మన్న క్షణంలో అది ఉలిక్కిపడితే అక్కడికక్కడే దొరికిపోతాం.

మ్యాచ్ పిస్టళ్ళలో చాలావాటికి డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే ఏర్పాటు ఉంటుంది. స్ప్రింగ్ రకం పిస్టల్‌ని మాత్రం పెల్లెట్ లేకుండా పేల్చకండి, పిస్టన్ దెబ్బతింటుంది. పెల్లెట్ల డబ్బా వేరే గదిలో పెట్టి, బ్యారెల్ ఖాళీగా ఉందని చూసుకున్నాకే మొదలుపెట్టాలి. గోడ వెనక కూడా మనుషులు తిరగని చోటైతే మంచిది.

డ్రైలో లోపం లేదని కాదు. గోడ మెచ్చుకోదు, తిట్టదు. ఇరవై నిమిషాలు దాటితే మనసు ఎటో పోతుంది, అక్కడినుంచి తప్పునే సాధన చేస్తుంటాం. 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చేటప్పటి గుండెదడ గోడ ముందు రాదు. దానికి పెల్లెట్లే కావాలి. నేను వారంలో నాలుగు రోజులు పావుగంట చొప్పున డ్రై, రెండు రోజులు రేంజ్ అని పెట్టుకున్నాను.

మరి స్క్రూ ఎప్పుడు తిప్పాలి? ఐదేసి షాట్లు మూడుసార్లు కాల్చండి. మూడు గ్రూపులూ బిగువుగా, ఒకే చోట, మధ్యకి దూరంగా ఉంటే తప్పు సైట్‌ది. కొత్త రేంజ్‌లో వెలుతురు మారినప్పుడు ఇలా జరుగుతుంది. పెల్లెట్లు ఏ వైపు జరగాలో రియర్ సైట్‌ని ఆ వైపే జరపండి. గ్రూపు చెదిరిపోయి ఉంటే మాత్రం స్క్రూ జోలికి పోవద్దు.

ఒక్కోసారి నిజంగానే పిస్టల్‌ది తప్పు కావచ్చు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది, మరమ్మతుకే విలువైన నిమిషాలు పోయాయి. మన స్థాయిలో ముందు చూడాల్సింది గ్రిప్ స్క్రూ, రియర్ సైట్ వదులు. అవి బాగుంటే, మీకన్నా బాగా కాల్చేవాళ్ళకి పిస్టల్ ఇచ్చి ఐదు షాట్లు కాల్చమనండి. అవి ఎక్కడ పడ్డాయన్నది వదిలేయండి, ఎవరి పట్టు వాళ్ళది. ఎంత దగ్గరగా పడ్డాయో చూడండి. నా పిస్టల్‌తో మా సీనియర్ అన్న కాల్చిన ఐదూ ఒక రూపాయి బిళ్ళ కింద దాగిపోయాయి. ఆయనేమీ అనలేదు, పిస్టల్ నా చేతికిచ్చి గోడవైపు చూపించాడు.