గుడ్లు పెడుతున్న జత అని అమ్ముతున్న క్లౌన్‌ఫిష్‌లతో జాగ్రత్త

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు ఇళ్లలో సముద్రపు చేపలు పెంచుతున్నవారు, ముఖ్యంగా నారింజ ఒంటిమీద తెల్ల చారలుండే క్లౌన్‌ఫిష్‌తో గుడ్లు పెట్టించి పిల్లలను సాకాలని ఆశపడుతున్నవారు డబ్బు పంపే ముందు ఇది చదవండి. పోయిన ఆషాఢంలో నేను 9,000 రూపాయలు పెట్టి "గుడ్లు పెడుతున్న జత" ఒకటి కొన్నాను. వచ్చింది జత కాదు, రెండూ ఆడచేపలే. పదమూడో రోజుకు వాటిలో ఒకటి రెండోదాన్ని చంపేసింది.

మాది నల్లగొండ. ఎనిమిదేళ్లుగా మేడ మీద సిమెంటు తొట్లలో మోలీలు, గప్పీలు పెంచి దుకాణాలకు ఇస్తున్నాను. ఉప్పునీటి ట్యాంకు పెట్టి రెండేళ్లయింది. మన ప్రాంతంలో ఈ పని ఎంత కష్టమో చేస్తున్నవారికే తెలుసు. సముద్రం నీళ్లు కావాలంటే మిర్యాలగూడ, గుంటూరు దాటి సూర్యలంక దాకా వెళ్లాలి. బోరు నీళ్ల సంగతి, అందులోని ఫ్లోరైడ్ సంగతి మన జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకని ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు మిశ్రమం కలుపుకుని, ఎండాకాలం ట్యాంకు మీద ఫ్యాను తిప్పుతూ, కరెంటు పోతే ఎయిర్ పంపుకు బ్యాటరీ తగిలిస్తూ నెట్టుకొస్తాం. ఇంత శ్రమపడేవాళ్లం కాబట్టే "ఈ జత తీసుకుంటే నెలలోపు గుడ్లు" అన్న మాట మనల్ని అంత త్వరగా లొంగదీస్తుంది.

అమ్మినతను హైదరాబాద్ వైపు మనిషి. పేరు ఇక్కడ రాయను. మొదట ఒక వీడియో పంపాడు. మట్టికుండ పెంకు లోపలి వైపున నారింజరంగు గుడ్లు, వాటికి రెక్కలతో గాలి విసురుతున్న చిన్న మగచేప, పక్కనే పెద్ద ఆడచేప. చూడముచ్చటగా ఉంది. వచ్చి స్వయంగా చూసి తీసుకుంటానన్నాను. "అక్కా, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, సాయంత్రంలోపు డబ్బు వేయకపోతే వాళ్లకు ఇచ్చేస్తాను" అన్నాడు. వేశాను. దాంతోపాటు పిల్లల మేతకని రోటిఫర్ల (నీళ్లలో నలుసుల్లా ఉండే అతిచిన్న జీవులు) సీసా, ఆ రోటిఫర్లకు మేతగా నాచు కలిసిన పచ్చనీళ్ల సీసా, ఉప్పు కలిపి మరో 2,500 తీసుకున్నాడు. మర్నాడు ఉదయం పార్సిల్ బస్సులో వచ్చింది. సంచుల్లో గాలి బాగానే నింపారు, చేపలు చురుగ్గానే ఉన్నాయి. దారిలో ఎవరి పొరపాటూ లేదు.

సంచులు తేలేసినప్పుడే నాకు అనుమానం రావలసింది. రెండు చేపలూ దాదాపు ఒకే సైజు. ఫోన్ చేసి అడిగితే "మగదానికి మంచి మేత పెట్టాం, అందుకే అంత ఎదిగింది" అన్నాడు. నేను నమ్మాను. ఎందుకు నమ్మకూడదో ఇప్పుడు చెబుతాను, మీరు కొనేటప్పుడు మొదట చూడవలసింది ఇదే.

క్లౌన్‌ఫిష్ ఏదీ పుట్టుకతో ఆడది కాదు. ఒకచోట కలిసి బతికే గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదవుతుంది, దాని తర్వాతిది జతకట్టే మగదవుతుంది, మిగిలినవి చిన్నవిగానే ఆగిపోతాయి. ఆడది చనిపోతే ఆ మగదే ఆడదిగా మారుతుంది, కింద ఉన్నదాంట్లో పెద్దది మగదవుతుంది. ఈ మార్పు ఒకవైపే జరుగుతుంది. ఒకసారి ఆడదైన చేప మళ్లీ మగది కాలేదు. కాబట్టి స్థిరపడిన జతలో ఆడది కంటికి తెలిసేంత పెద్దగా ఉంటుంది, మగది చిన్నగా ఉంటుంది. రెండూ సమానంగా ఎదిగి ఉన్నాయంటే అవి జత కాకపోవచ్చు. రెండు ఎదిగిన ఆడచేపలను ఒకే గాజుపెట్టెలో వేస్తే ఏదీ తగ్గదు. సముద్రంలో అయితే ఓడింది పారిపోతుంది. నాలుగు అద్దాల మధ్య ఎక్కడికి పోతుంది?

మొదటి వారం రెండూ చెరో మూల ఉండిపోయాయి. కొత్త చోటు, అలవాటు పడతాయిలే అనుకున్నాను. నిజమైన జతలో మగది ఆడదాని ముందు ఒళ్లంతా వణికిస్తుంది. అది లొంగుబాటు గుర్తు. మా ట్యాంకులో ఆ వణుకు ఒక్కసారీ కనబడలేదు. ఎనిమిదో రోజుకు ఒకదాని తోకరెక్క చిరిగింది. పదకొండో రోజు తెల్లవారి చూస్తే అది నీటిపైన ఒక మూల ఏటవాలుగా నిలబడి రొప్పుతోంది. మధ్యలో ప్లాస్టిక్ జాలీ అడ్డం పెట్టాను. ఆలస్యమైంది. రెండు రోజులకు పోయింది. ఆ పదకొండు రోజులూ నేను రోజుకు నాలుగుసార్లు ట్యాంకు ముందు కూర్చుని చూస్తూనే ఉన్నాను. చూస్తూ కూడా ముందే విడదీయలేదన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత పదేళ్లుగా సముద్రపు చేపలు పెంచుతున్న ఒక పెద్దాయనకు ఫొటోలు పంపాను. "అమ్మా, ఇవి రెండూ పాత ఆడచేపలు, వేర్వేరు జతలవి. వీడియోలో ఉన్న చేపలు కూడా ఇవి కావు. తెల్ల చారలు చూడండి" అన్నారు. క్లౌన్‌ఫిష్ చారల అంచులు చేపచేపకూ తేడాగా ఉంటాయి, మన వేలిముద్రల్లాగా. మధ్యచార ముందుకు ఎంత ఉబ్బింది, దాని అంచున నల్లగీత ఎక్కడ తెగింది, తలమీది చార కంటి వెనక ఎలా ముగిసింది అన్నవి ఒక చేపను గుర్తుపట్టడానికి చాలు. వీడియో ఆపి చూశాను. అందులోని పెద్దచేప మధ్యచారకు ఎడమవైపున చిన్న గంటు ఉంది. నా దగ్గరికి వచ్చిన రెండింటిలో దేనికీ అది లేదు.

ఈ ముదురు ఆడచేపలను అతను ఎక్కడ తెచ్చాడో నాకు చెప్పలేదు. మగది చనిపోయి మిగిలినవో, గుడ్లు పెట్టడం మానేసినవో అయి ఉంటాయని నా ఊహ. ఫోన్ చేస్తే మొదట "మీ నీళ్లు బాగాలేవేమో" అన్నాడు. నీటి పరీక్షల ఫొటోలు పెట్టాను. అమ్మోనియా సున్నా, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, లవణసాంద్రత 1.025. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

రోటిఫర్ల సీసా సంగతి ఇంకా ముఖ్యం. అందులోనూ మోసమే, మామూలుగా అది గుడ్లు పగిలి పిల్లలు వచ్చే రోజు దాకా బయటపడదు. క్లౌన్‌ఫిష్ గుడ్లు 27 డిగ్రీల దగ్గర వారం నుంచి తొమ్మిది రోజుల్లో, చీకటిపడ్డాక పగులుతాయి. బయటికి వచ్చే పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లే, గాజుముక్కలా ఉంటుంది. మర్నాటికల్లా నోటికి పట్టేంత చిన్న, బతికున్న మేత దాని చుట్టూ ఉండాలి. అది రోటిఫర్. మొదటి వారం దాదాపు అదే, తర్వాత అప్పుడే గుడ్డు నుంచి వచ్చిన ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి). ఎనిమిది నుంచి పన్నెండు రోజుల మధ్య తెల్లచార మొలిచి పిల్ల అడుగుకు దిగుతుంది, అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. మొదటి రోజుల్లో రోటిఫర్లు లేకపోతే వందల పిల్లలున్నా రెండు మూడు రోజుల్లో అన్నీ పోతాయి. కాబట్టి గుడ్లు కనబడ్డాక కాదు, అంతకు కొన్ని వారాల ముందే రోటిఫర్లు తొట్టిలో పెరుగుతూ ఉండాలి.

నేను ముందుగానే మొదలుపెట్టాను, అదొక్కటే మంచిదైంది. వారం తిరిగేసరికి తొట్టి కంపు కొట్టింది. మా మేనకోడలు డిగ్రీలో జువాలజీ చదువుతోంది. వాళ్ల కాలేజీ సూక్ష్మదర్శినిలో ఒక చుక్క పెట్టి చూపించింది. రోటిఫర్ ఒక్కటీ లేదు, గిరగిరా తిరిగే ఏకకణజీవులు కుప్పలు. పచ్చనీళ్లు ఉప్పునీటి నాచు అని అమ్మాడు. ఉప్పునీళ్లలో కలిపిన మూడో రోజుకు అడుగున గోధుమరంగు మడ్డిగా దిగింది. అది మంచినీటి నాచు అని మా అనుమానం. మీరు కొంటే సూక్ష్మదర్శిని లేకపోయినా ఒక పరీక్ష చేయవచ్చు. రంగులేని గాజుగ్లాసులో కొంచెం పోసి, వెనక నల్లగుడ్డ పెట్టి, పక్కనుంచి టార్చి వేయండి. రోటిఫర్లు ఉంటే సన్నని తెల్ల నలుసులు మెల్లగా జారుతూ కనబడతాయి. ఏమీ కనబడకుండా నీళ్లు మసకగా మాత్రమే ఉంటే దాన్ని పిల్లల తొట్టి దగ్గరికి రానివ్వకండి. సాధ్యమైతే రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి రెండు తొట్లలో విడివిడిగా పెంచండి. ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది.

ఉప్పు గురించి ఒక్క మాట. పేరులేని తెల్లసంచిలో విడిగా కట్టిచ్చిన "మెరైన్ సాల్ట్" కొనకండి. కాల్షియం, మెగ్నీషియం లేని మామూలు ఉప్పు సముద్రపు నీటి స్థానంలో పనికిరాదు. నేను ఆ సంచి విప్పలేదు.

ఇక కొనేటప్పుడు. జత అన్నవారిని ఒకే పెంకు మీది గుడ్ల వీడియోలు తేదీలతో అడగండి. పెట్టిన రోజు గుడ్లు నారింజరంగులో ఉంటాయి, తర్వాత ముదురుతాయి, పగిలే ముందు లోపల పిల్లల కళ్లు వెండిలా మెరుస్తాయి. నిజంగా జత ఉన్నవారికి ఈ మూడు దశలూ చూపించడం కష్టం కాదు, ఎందుకంటే స్థిరపడిన జత సుమారు రెండు వారాలకోసారి పెడుతూనే ఉంటుంది. ఒక వీడియోలో ట్యాంకు అద్దం పక్కన ఆనాటి దినపత్రిక పట్టుకోమనండి. చేపలు వచ్చాక చారలు పోల్చుకోండి. సంచి విప్పే ముందు నుంచి మీరూ వీడియో తీయండి. నేను తీయలేదు. వారంలో గుడ్లు ఖాయం అని ఎవరైనా అంటే మాత్రం ఆగండి. మంచి జత కూడా చోటు మారితే మళ్లీ పెట్టడానికి వారాలు, ఒక్కోసారి నెలలు తీసుకుంటుంది.

సముద్రంలో పట్టిన చేపా, హేచరీలో పుట్టిన చేపా అన్నదీ అడగండి. కొచ్చిలో ప్రధాన కార్యాలయం ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్‌ఫిష్‌ను హేచరీలో పెంచే పద్ధతిని ఎప్పుడో రూపొందించింది. హేచరీ చేపలు దొరుకుతున్నప్పుడు సముద్రంలోని పగడపు దిబ్బల మీద నుంచి పట్టుకొచ్చినవి ఎందుకు? పట్టుకొచ్చినవాటిలో బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి జబ్బు ఎక్కువ. ఒంటిమీద తెల్లని జిగురు, వేగంగా ఆడే మొప్పలు కనబడితే ఒకటి రెండు రోజుల్లోనే చేప పోవచ్చు. ఎక్కడి నుంచి తెచ్చినా కొన్ని వారాలు వేరే ట్యాంకులో ఉంచి చూశాకే కలపండి.

ఇదే మనిషి నాకు "కొంచెం ఎక్కువిస్తే బతికున్న పగడం ముక్క కూడా పంపుతాను" అన్నాడు. దిబ్బలు కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఇంట్లో పెట్టుకుంటే కేసు మన మీదికే వస్తుంది. వద్దన్నాను, మీరూ వద్దనండి.

డబ్బు పోయిందని ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. రెండేళ్ల గడువు ఉంటుంది, 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. చెల్లింపు రసీదు, సందేశాలు, వీడియోలు దాచి ఉంచండి. నేను ఫిర్యాదు కాగితాలు సిద్ధం చేసుకున్నాను, సంక్రాంతి తర్వాత వేస్తున్నాను.

మిగిలిన ఆడచేప మా దగ్గరే ఉంది. దానికోసం దసరా ముందు హేచరీలో పుట్టిన మూడు సెంటీమీటర్ల పిల్లను 700 రూపాయలకు తెచ్చాను. మొదట పది రోజులు చిల్లుల పెట్టెలో ఉంచి ట్యాంకులో వేలాడదీశాను. వదిలిన రోజు ఆడది మీదికి దూకింది, పిల్ల పక్కకు ఒరిగి ఒళ్లంతా వణికించింది, ఆడది వెనక్కి తగ్గింది. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేదీ ఈ దారే. సైజులో తేడా ఉన్న రెండు హేచరీ పిల్లలను కొని ఏడాది, రెండేళ్లు ఓపిక పట్టండి, ఏది ఆడదో అవే తేల్చుకుంటాయి. మా రెండూ నెల రోజులుగా ఒకే పెంకులో పడుకుంటున్నాయి. పోయిన వారం నుంచి ఆ చిన్నది పెంకు లోపలి వైపు నోటితో గీకి శుభ్రం చేస్తోంది. రోటిఫర్లు ఇప్పుడు రెండు తొట్లలో ఉన్నాయి. రోజూ పొద్దున్నే గ్లాసులో తీసి టార్చి వేసి చూస్తున్నాను.