పాత డీజిల్ స్కిడ్ స్టీర్ లోడర్‌తో పదకొండేళ్లు: డీజిల్ అందక ఆగిపోయే సమస్యపై నా అనుభవం

అనపర్తి దగ్గర ఉన్న మా గుడ్ల కోళ్ల ఫారంలో పదకొండేళ్లుగా ఒక పాత స్కిడ్ స్టీర్ లోడర్, అంటే ముందు బకెట్ ఉండి ఉన్నచోటనే తిరగగలిగే చిన్న లోడరు, పనిచేస్తోంది. మా వైపు ఏ కంపెనీ మెషీన్‌నైనా బాబ్‌క్యాట్ అనే పిలుస్తారు కాబట్టి దీన్ని ఎవరు తయారుచేశారన్నది పక్కన పెడతాను. నాలుగు సిలిండర్లు, సుమారు 2.2 లీటర్ల పరిమాణం, టర్బో లేదు, కంప్యూటర్ లేదు, పూర్తిగా మెకానికల్ పంపుతో నడిచే డీజిల్ ఇంజను. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు మీటరు 3,100 గంటలు చూపించింది, ఇప్పుడు 7,400 దాటింది. పంజరాల కింద పేరుకున్న పెంటను స్తంభాల మధ్య నుంచి తీసుకొచ్చి ట్రాక్టరు తొట్టిలోకి ఎత్తడం దాని ప్రధానమైన పని. ఈ తరహా యంత్రం పుట్టింది కూడా ఇలాంటి అవసరం కోసమే. అమెరికాలోని మిన్నెసోటాలో సిరిల్ కెల్లర్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములు 1957లో ఒక టర్కీ కోళ్ల రైతు అడిగిన మీదట, షెడ్డులో స్తంభాల చుట్టూ తిరగగలిగే చిన్న లోడరును తయారుచేశారు.

ఎత్తే బలం, ఉన్నచోటనే తిరిగే గుణం, మా పనిలో గంటకు నాలుగైదు లీటర్ల డీజిల్ ఖర్చు, వీటి విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇన్నేళ్లలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఒక్కటే: ఇంజనుకు డీజిల్ సరిగా అందకపోవడం. ట్రాక్టరు ఆగిపోతే నలుగురు కలిసి నెట్టవచ్చు, కానీ స్కిడ్ స్టీర్‌లో చక్రాలు హైడ్రాలిక్ మోటార్లతో తిరుగుతాయి కాబట్టి ఇంజను ఆగిన క్షణంలోనే చక్రాలు బిగుసుకుపోతాయి. షెడ్డు మధ్యలో, అమ్మోనియా వాసనలో, తల ఎత్తడానికి చోటు లేనిచోట అది ఆగిపోతే అక్కడే బాగుచేసుకోవాలి.

మొదటిసారి ఈ సమస్య వచ్చింది కొన్న మూడో ఏడాదిలో. ఉదయం చక్కగా స్టార్టయి రెండు మూడు గంటలు పనిచేసిన తర్వాత ఇంజను ఊగిసలాడేది, బకెట్ నింపబోతే శక్తి పడిపోయేది, చివరికి ఆగిపోయేది. ఎయిర్ తీసి, అంటే డీజిల్ గొట్టాల్లో చేరిన గాలిని వదిలించి, మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు నడిచేది. ఫిల్టరు మార్చాను, లాభం లేకపోయింది. ఒక వర్క్‌షాపులో ఇంజెక్షన్ పంపు (డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో పంపేది), నాజిళ్లు (ఆ డీజిల్‌ను ఇంజనులోకి చిమ్మేవి) పాడయ్యాయన్నారు. పంపు ఊడదీసి కాలిబ్రేషన్ చేయించి, నాజిళ్లను ఆ ఇంజనుకు ఉండాల్సిన సుమారు 140 బార్ల ఒత్తిడికి సరిచేయించి, పెద్ద మొత్తం ఖర్చుపెట్టి బిగించిన తర్వాత రెండో రోజున మెషీన్ సరిగ్గా అలాగే ఆగిపోయింది. ఆ పంపులో అసలు ఏ లోపమూ లేదని తర్వాత తేలింది. బాగున్న పంపును అనుమానంతో విప్పించడం మీద నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

దారి చూపించింది మా ఊరి పాత ట్రాక్టరు మెకానిక్ బాబాయి. ఆయన మెషీన్‌ను ముట్టుకోకముందే, "ట్యాంకులో డీజిల్ సగానికి దిగాకే ఆగుతోందేమో ఎప్పుడైనా చూశావా, అబ్బాయ్?" అని అడిగారు. నేను గమనించలేదు. ఆ సాయంత్రమే ట్యాంకు నిండా పోసి మరుసటి రోజు చూస్తే, ఆయన అన్నట్టు మట్టం సగానికి దిగేవరకు ఏ ఇబ్బందీ రాలేదు. ఆ తర్వాత ఆయన ఒక శుభ్రమైన క్యానులో డీజిల్ పోసి ఇంజను కన్నా కొంచెం ఎత్తులో పెట్టించి, అందులోంచి ఒక గొట్టాన్ని నేరుగా ఫీడ్ పంపుకు (ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగే చిన్న పంపు) కలిపి, మిగిలిన డీజిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ గొట్టాన్ని కూడా అదే క్యానులో వేశారు. మెషీన్ పూర్తి భారంతో గంటన్నర నడిచింది. దాంతో ఫీడ్ పంపు, ఇంజెక్షన్ పంపు, నాజిళ్లు అన్నీ నిర్దోషులని తేలి, లోపం ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యలోనే మిగిలింది. ట్యాంకు లోపలికి వేలాడే పీల్చే గొట్టం పైనుంచి జానెడు దిగువన పగిలి ఉంది. డీజిల్ మట్టం ఆ పగులు కన్నా కిందికి దిగగానే పంపు డీజిల్‌కు బదులు గాలిని పీల్చేది. మార్చిన గొట్టం ఖరీదు పంపు కాలిబ్రేషన్ ఖర్చు పక్కన పెడితే లెక్కలోకి రాదు.

ఈ వ్యవస్థలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు గొట్టాల్లో ఉండేది పీల్పు, ఒత్తిడి కాదు. అందువల్ల అక్కడ చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళుతుంది. తడి కనబడలేదు కాబట్టి లీకు లేదనుకుంటాం. రాత్రంతా మెషీన్ ఆగి ఉన్నప్పుడు అదే చీలిక గుండా గాలి చేరి, గొట్టంలోని డీజిల్ తిరిగి ట్యాంకులోకి జారిపోతుంది. ఉదయం ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం, బ్యాటరీనో హీటరు ప్లగ్గులనో మార్చినంత మాత్రాన అది తగ్గదు. ఫిల్టరుకు ముందు ఒక అడుగు పొడవున పారదర్శకమైన గొట్టం తాత్కాలికంగా బిగించి ఇంజనును నడిపితే బుడగలు కంటికి కనిపిస్తాయి. డీజిల్ గొట్టంలో చేత్తో నొక్కి డీజిల్ లాగే రబ్బరు బల్బు ఉన్న మెషీన్‌లో అది ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి చొరబడుతోందని, నొక్కిన తర్వాత తిరిగి ఉబ్బకుండా చప్పగానే ఉండిపోతే వెనక ట్యాంకు వైపు ఏదో మూసుకుపోయిందని అర్థం.

ఆ రెండో రకం మూడేళ్ల తర్వాత ఎదురైంది. ఈసారి మట్టంతో సంబంధం లేకుండా నలభై నిమిషాలకు ఇంజను ఆగేది, పావుగంట వదిలేస్తే ఏమీ చేయకుండానే మళ్లీ నడిచేది. ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పితే గాలి లోపలికి దూసుకుపోయిన శబ్దం వచ్చింది. మూతలోని గాలి రంధ్రం మేత దుమ్ముతో, ఈకల నూగుతో పూడిపోయింది. డీజిల్ బయటికి వెళ్లిన మేరకు గాలి లోపలికి రాకపోతే ట్యాంకులో శూన్యత పెరిగి పంపు లాగలేకపోతుంది. ఇప్పుడు ప్రతి శనివారం ఆ మూతను కడిగి ఆరబెట్టడం మా డ్రైవరు బాధ్యత.

శక్తి తగ్గినప్పుడల్లా డీజిల్‌నే అనుమానించడమూ సరికాదు. భారం వేసినప్పుడు నల్లటి పొగ దట్టంగా వస్తుంటే గాలి ఫిల్టరు పూడి ఉండే అవకాశమే ఎక్కువ. పొగ పెరగకుండా శక్తి మాత్రమే పడిపోతే డీజిల్ వైపు వెతకాలి. ఊగిసలాట ఏమీ లేకుండా తాళం తిప్పేసినట్టు ఒక్కసారిగా ఆగిపోతే అది సాధారణంగా స్టాప్ సోలెనాయిడ్ (కరెంటు ఉన్నంతసేపే ఇంజనుకు డీజిల్ అందనిచ్చే విద్యుత్ మీట) పని. నా మెషీన్‌లో దాని తీగల కనెక్టరుకు చిలుము పట్టి, గతుకులలో కరెంటు తెగిపోయేది. తాళం తిప్పగానే టక్‌మని శబ్దం వచ్చి కడ్డీ పూర్తిగా లోపలికి లాగబడుతోందా లేదా అన్నది ముందుగా చూడాలి.

వర్షాకాలంలో నీటి బెడద వేరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ చెమ్మగా మారి అడుగున చేరుతుంది, నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారై ఫిల్టరును పూడుస్తుంది. అందుకే సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపిస్తాను, ఫిల్టరు అడుగున చేరిన నీటిని వారానికోసారి వదిలిస్తాను. ఫిల్టరును 150 గంటలకే మారుస్తాను, ఎందుకంటే మా దుమ్ములో 250 గంటలు ఆగడం నాకు ధైర్యంగా అనిపించదు. కొత్త ఫిల్టరులో డీజిల్ ముందే నింపేవారు మధ్యనున్న పెద్ద రంధ్రంలో పోయకూడదు. అది శుద్ధమైన వైపు, అక్కడ పోసిన డీజిల్ వడపోత లేకుండా నేరుగా పంపులోకి వెళుతుంది. చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల్లోనే పోయాలి.

ఎయిర్ తీసేటప్పుడు మొదట ఫిల్టరు పైనున్న స్క్రూ, తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూ, అప్పటికీ స్టార్ట్ కాకపోతే నాజిళ్ల పైపుల నట్లు అన్న వరుసలో వెళ్లాలి. సెల్ఫ్‌ను ఒక్కోసారి పదిహేను సెకన్లకు మించి కొట్టకుండా మధ్యలో ఆపాలి. నాజిల్ పైపుల్లో లీకును చేత్తో తడిమి చూడడం చాలా ప్రమాదం. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది, అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. క్యాబిన్ పైకి ఎత్తే పని ఉంటే బకెట్ చేతులను నేలకు దించాలి, లేదా వాటి ఇనుప సపోర్టు తగిలించాలి. ఎంత తొందర ఉన్నా మా ఫారంలో ఈ నియమం తప్పనివ్వను.

ఇంత చెప్పిన తర్వాత కూడా ఈ పాత మెషీన్‌ను కొనమనే చెబుతాను, ఎందుకంటే దీని డీజిల్ వ్యవస్థను పానాలతో, ఒక క్యానుతో, రెండు మీటర్ల గొట్టంతో రైతు స్వయంగా పరీక్షించుకోగలడు. కొనేవారు ట్యాంకులో పావు వంతు డీజిల్‌తో, పూర్తి భారంతో కనీసం గంటసేపు నడిపించి చూడాలి. అమ్మేవాళ్లు ట్యాంకు నింపి చూపిస్తే ఈ లోపం బయటపడదు. కొన్న మొదటి వారంలోనే ట్యాంకు లోపలి గొట్టం, రబ్బరు గ్రోమెట్లు, నాజిళ్ల మధ్య సన్నటి రిటర్న్ గొట్టాలు, రాగి వాషర్లు అన్నీ ఒకేసారి మార్చేయడం మంచిది. నేను వాటిని ఇప్పటికి మూడుసార్లు మార్చాను, చివరిసారి 7,000 గంటల దగ్గర. అప్పటి నుంచి షెడ్డు లోపల మెషీన్ ఒక్కసారి కూడా ఆగలేదు.