టోక్యోలో టీ కప్పులో పువ్వు: టీమ్‌ల్యాబ్ మ్యూజియంలు రెండూ చూశాక

మా మరిది వాళ్లుండేది టోక్యోలో తూర్పు వైపు, నిషికసాయ్‌లో. ఐటీ ఉద్యోగాలకొచ్చిన మనవాళ్లు చాలామంది ఆ చుట్టుపక్కలే ఉంటారు. కందిపప్పు, ఇంగువ నడిచి వెళ్లేంత దూరంలో దొరుకుతాయి. అందుకే అత్తయ్యను కూడా తీసుకెళ్లే ధైర్యం చేశాం. వాళ్ల ఇల్లు చిన్నది కాబట్టి చివరి రెండు రాత్రులు ఉయెనోలో హోటల్ తీసుకున్నాం. ఆ గదిలో ఒక సూట్‌కేసు తెరవాలంటే ఇంకోదాన్ని మంచం మీద పెట్టాలి. శుభ్రతకు మాత్రం వంక పెట్టడానికి లేదు.

ఇక అసలు సంగతి. వెలుగుతో గోడలనీ, నేలనీ, నీళ్లనీ ఆడించే టీమ్‌ల్యాబ్ గురించి వీడియోల్లో చూసే ఉంటారు. కళాకారులు, ప్రోగ్రామర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు కలిసి 2001లో మొదలుపెట్టిన బృందం అది. టోక్యోలో వీళ్ల మ్యూజియంలు రెండు ఉన్నాయి: తొయొసులో ప్లానెట్స్, అజబుదాయ్ హిల్స్‌లో బోర్డర్‌లెస్. ఈ రెండోది 2018లో ఒదైబాలో మొదలై, 2022లో అక్కడ మూతపడి, 2024 ఫిబ్రవరిలో ఇక్కడ తెరుచుకుంది. మేం వెళ్లాలనుకున్నది దీనికే. తక్కువకొస్తుందని ఒక మధ్యవర్తి సైట్లో టికెట్లు కొంటే ప్లానెట్స్‌వి వచ్చాయి. మార్చమంటే కుదరదన్నారు. డబ్బులు పోయాయని మా ఆయన రోజంతా గొణిగారు. అలా రెండూ చూడాల్సి వచ్చింది. మీరు మాత్రం టీమ్‌ల్యాబ్ వాళ్ల సొంత సైట్లోనే కొనండి, పేరు రెండుసార్లు చదవండి. ధర రోజును బట్టి మారుతుంది.

ప్లానెట్స్‌లో చెప్పులు విప్పేసి వట్టికాళ్లతో తిరగాలి. ఒక గదిలో మోకాళ్ల దాకా నీళ్లు, ఆ నీళ్ల మీద వెలుగు చేపలు ఈదుతుంటాయి. కాలికి తగిలిన చేప పువ్వై విచ్చుకుంటుంది. బట్టలు తడుస్తాయనుకునేవాళ్లకు నిక్కర్లు ఇస్తారు. అత్తయ్య వాటిని ఒక చూపు చూసి, "నాట్లేసినదాన్ని, నాకు నీళ్లు కొత్తా?" అని చీర పైకి దోపుకుని దిగిపోయారు. కానీ కాలు పెడితే దిగబడిపోయే మెత్తటి నేల గది ఒకటుంది, అక్కడ ఆవిడ మోకాళ్లు మొరాయించాయి. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. పిల్లలకైతే పండగే.

మర్నాడు బోర్డర్‌లెస్. ఉయెనో నుంచి హిబియా లైన్లో కమియాచో దాకా ఒకటే రైలు, మారే పని లేదు. లోపల మ్యాప్ ఉండదు. ఒక గదిలోని సీతాకోకచిలుకలు గోడ వెంట పక్క గదిలోకి వెళ్లిపోతాయి, మనం వాటి వెనకాల వెళ్లి తప్పిపోతాం. మా ఆయన నిజంగానే అరగంట కనిపించలేదు. అద్దాల గదులు బాగున్నాయి గానీ, అందరూ ఫొటోల కోసం నిలబడిపోతుంటే ఎవరి మోచెయ్యి ఎవరికి తగులుతుందోనని టెన్షన్. కొన్నిచోట్ల నేల కూడా అద్దమే, చీరలు, లంగాలు వేసుకునేవాళ్లు చూసుకోవాలి. మా పాప కాగితం మీద రంగులేసిన చేపను స్కాన్ చేస్తే అది గోడ మీద ఈదింది. ముట్టుకుంటే పారిపోయింది. దాని వెంట పరిగెత్తడమే పాపకు సరిపోయింది.

నాకు నచ్చింది మాత్రం ఇవేవీ కాదు, లోపలున్న టీ గది. దానికి విడిగా డబ్బు కట్టాలి, అందుకే చాలామంది దాటేసి వెళ్లిపోతున్నారు. చీకటి గది, పొడవాటి బల్ల. యూజు అనే నిమ్మజాతి పండు వాసన కలిపిన గ్రీన్ టీ చెప్పాం. అమ్మాయి కప్పు ముందు పెట్టి టీ పోసింది. క్షణం తర్వాత ఆ టీ మీద చిన్న మొగ్గ. అది మెల్లగా విచ్చుకుంది, పక్కనే ఇంకోటి. కప్పు ఎత్తగానే రేకులు రాలి బల్ల మీద చెల్లాచెదురయ్యాయి. మళ్లీ దించితే మళ్లీ మొగ్గ. ముందే తీసిపెట్టుకున్న వీడియో కాదట, కంప్యూటర్ ఎప్పటికప్పుడు గీస్తుందట, అందుకే ఒకసారి చూసింది మళ్లీ రాదు. కప్పులో టీ ఉన్నంతసేపూ పూస్తూనే ఉంటుంది, అయిపోతే లేదు.

అత్తయ్యకు పాలూ చక్కెరా లేనిది టీయే కాదు. ఒక్క గుక్క తాగి మొహం చిట్లించారు. కానీ కప్పు వదల్లేదు. ఎత్తడం, రేకులు రాలడం చూడడం, దించడం. చల్లారిపోయింది, అయినా అడుగున రెండు గుక్కలు మిగిల్చి కూర్చున్నారు.

"నాన్నమ్మా, తాగెయ్, వెళ్దాం."

"తాగితే పోతుందే."

గుడికి వెళ్లినా పావుగంట కూర్చోలేని మనిషి అక్కడ ముప్పావుగంట కూర్చున్నారు. లెమ్మని ఎవరూ అనలేదు. ఈ ఒక్క విషయానికి ఆ సిబ్బందికి దణ్ణం పెట్టాలి.

పెద్ద పెద్ద హాళ్లలో వెలుగు మన చుట్టూ ఉంటుంది, చూసి నోరెళ్లబెడతాం, బయటికొచ్చాక ఏ గదిలో ఏం చూశామో కలగాపులగం. కప్పు అలా కాదు. రోజూ చేత్తో పట్టుకునే వస్తువు, దాని బరువు తెలుసు, వేడి తెలుసు. అందులో పువ్వు పూస్తే చెయ్యే ఉలిక్కిపడుతుంది.

ఒక్కదానికే డబ్బుంటే ఏది అని అడిగితే, పరిగెత్తే వయసు పిల్లలుంటే ప్లానెట్స్, పెద్దవాళ్లుంటే బోర్డర్‌లెస్ అంటాను. శని ఆదివారాలు వద్దు. టీ గదిని చివరికి పెట్టుకోండి, అప్పటికి కాళ్లు ఎలాగూ పీకుతుంటాయి. ఐస్‌క్రీమ్ కూడా ఉంది, మేం తినలేదు. పాప ఇప్పటికీ దెప్పుతోంది.