గార్బేజ్ డిస్పోజల్: మన వంటలతో ఏళ్ళ తరబడి వాడాక

డల్లాస్ దగ్గర ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి మా సింకు కింద ఒకటే డిస్పోజల్, అంటే సింకులో పడ్డ తిండి ముక్కల్ని నలిపి నీళ్ళతో పంపేసే యంత్రం. అర హార్స్‌పవర్ మోటారు, బిల్డర్లు మామూలుగా బిగించే రకం. పప్పు, పులుసు, పెరుగన్నం తిన్న కంచాలు రోజూ దాని మీదే కడుగుతాం. ఇప్పటికీ చక్కగా తిరుగుతోంది, వాసన రాదు. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్ళు తరచూ అడుగుతుంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు వాసన సంగతి. నిమ్మచెక్కలు వేసి తిప్పమని అందరూ చెబుతారు. ఆ పూటకి బాగానే ఉంటుంది, మర్నాటికి మళ్ళీ మొదలు. ఎందుకంటే అసలు మురికి చేరేది సింకు నోట్లో ఉండే నల్ల రబ్బరు రెక్కల అడుగున. లోపల తిరుగుతున్నప్పుడు పైకి చిమ్మిందంతా అక్కడే అంటుకుంటుంది. పైనుంచి ఎన్ని నీళ్ళు పోసినా అటువైపు తగలవు. స్విచ్ ఆపి, సింకు కింద ప్లగ్ కూడా పీకేసి, ఒక రెక్కని వేలితో పైకి మడిచి చూడండి. పసుపూ నూనే పప్పూ కలిసి జిగటగా పేరుకున్న పొర కనిపిస్తుంది. కంపంతా దానిదే. పాత టూత్‌బ్రష్ మీద రెండు చుక్కలు డిష్ సోప్ వేసుకుని ఒక్కో రెక్క వెనకా, మడతల్లోనూ గట్టిగా తోమాలి. కొన్ని మోడళ్ళకి ఆ రబ్బరు పైకి లాగితే ఊడి వస్తుంది, వాటికైతే మరీ సులువు. మా ఇంట్లో ఇది శనివారం పని. ఈ ఒక్కటీ మానకుండా చేస్తే మిగతా చిట్కాలు సగం అక్కర్లేదు.

తోమాక సింకుకి మూత పెట్టి, సగం దాకా చన్నీళ్ళు పట్టి, కాస్త సోప్ కలిపి, మూత తీస్తూనే స్విచ్ వేస్తాను. నీళ్ళన్నీ ఒక్కసారిగా దిగి లోపలి గోడలన్నీ కడుగుతూ పోతాయి. సన్నటి ధారతో ఆ పని జరగదు. బేకింగ్ సోడా, వెనిగర్ పోస్తే నురగ బాగా వస్తుంది గానీ అంటుకున్న జిడ్డు ఊడదు. డ్రెయిన్ క్లీనర్ రసాయనాలు మాత్రం దాని జోలికి రానివ్వకండి, లోపలి రబ్బరు సీళ్ళు పాడవుతాయి.

ఐసు ముక్కలు, కల్లుప్పు వేసి తిప్పితే బ్లేడ్లు పదునెక్కుతాయంటారు. అసలు ఇందులో బ్లేడ్లే లేవు. తిరిగే పళ్ళెం మీద అటూ ఇటూ కదిలే రెండు మొద్దు ఇనప ముక్కలుంటాయి. అవి తిండిని చుట్టూ ఉన్న గరుకు రింగుకేసి కొడతాయి, అక్కడ అరిగి నీళ్ళతో పోతుంది. ఐసూ ఉప్పూ ఆ రింగుకి పట్టిన జిడ్డు రాలగొడతాయి, అందుకు మాత్రం మంచివే. ఎప్పుడూ చన్నీళ్ళే ఎందుకంటే, వేడినీళ్ళకి నెయ్యి కరిగి కిందికి పోయి పైపులో గడ్డకడుతుంది. చన్నీళ్ళలో గట్టిపడి ముక్కలుగా కొట్టుకుపోతుంది. టెక్సాస్ ఎండాకాలంలో చల్లటి కుళాయి తిప్పినా గోరువెచ్చటి నీళ్ళే వస్తాయి, అప్పుడు ఐసు ఇంకా పనికొస్తుంది. పోపు నూనె, వేపుడు మూకుడులో మిగిలిన నూనె అసలు పోయకూడదు, పేపర్ టవల్‌తో తుడిచి చెత్తలో వేసేయడమే.

1927లో విస్కాన్సిన్‌లోని రసీన్ అనే ఊళ్ళో జాన్ హామెస్ అనే ఆర్కిటెక్ట్ ఈ డిస్పోజల్‌ని కనిపెట్టాడు. ఆయన వంటింట్లో మునక్కాడలు, చింతపండు పిప్పి ఉండి ఉండవు. మన వంటకి అసలు గండం పీచు. మునక్కాడ పిప్పి, కొబ్బరి పీచు, తోటకూర కాడలు, కరివేపాకు ఈనెలు, ఉల్లిపొట్టు, అరటితొక్క, ఇవన్నీ తాళ్ళలా చుట్టుకుంటాయి. అన్నం మరో రకం: మెత్తగా అరిగిపోయినట్టే ఉంటుంది, కింద వంపు పైపులో జిగురై కూర్చుంటుంది. కంచానికి అంటిన మెతుకులు పర్వాలేదు, కుక్కర్ అడుగున మిగిలిన గిన్నెడు అన్నం మాత్రం వద్దు. కాఫీ పిప్పి కూడా అంతే. మేం సింకు పక్కన చిన్న డబ్బా పెట్టుకుని ఇవన్నీ అందులో వేస్తాం.

మా వీధిలో ఓ తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, స్విచ్ వేస్తే గుయ్యిమంటోంది గానీ తిరగట్లేదు" అన్నాడు. అలాంటప్పుడు వెంటనే ఆపేయాలి, లేకపోతే మోటారు కాలుతుంది. వెళ్ళి ప్లగ్ పీకి టార్చ్ వేసి చూస్తే, పోపులడబ్బాలోని బుల్లి స్టీలు చెంచా ఇనప ముక్కకీ రింగుకీ మధ్య ఇరుక్కుని ఉంది. డిస్పోజల్ అడుగున సరిగ్గా మధ్యలో ఒక రంధ్రం ఉంటుంది. అందులో పావంగుళం అలెన్ కీ పెట్టి అటూ ఇటూ తిప్పితే పళ్ళెం వదులైంది, చెంచాని రొట్టెలు కాల్చే పట్టకారుతో తీశాం. చెయ్యి మాత్రం లోపల పెట్టకూడదు. తర్వాత అడుగునున్న ఎర్ర బటన్ నొక్కితే మళ్ళీ తిరిగింది. అలెన్ కీ సింకు కింద గోడకి టేప్‌తో అంటించి పెట్టుకోండి, ప్లంబర్ ఖర్చు మిగులుతుంది.

నీళ్ళు కారుతుంటే ఎక్కడినుంచో చూడండి. పైన సింకు దగ్గరైతే బిగింపు విప్పి ప్లంబర్ పుట్టీ మళ్ళీ పెడితే చాలు. ఆ ఎర్ర బటన్ దగ్గర చెమ్మ కనిపిస్తే లోపలి సీలు పోయినట్టే, దాన్ని బాగుచేయించడం దండగ. కొత్తది కొనేటప్పుడు మన ఇళ్ళకి ముప్పావు హార్స్‌పవర్, లోపలంతా స్టెయిన్‌లెస్ స్టీల్ ఉన్నది తీసుకోండి. మాది పోయిన రోజున నేను కొనబోయేదీ అదే.