పోలింగ్ రోజే ఓటు నమోదు: మిన్నెసోటా పద్ధతి మేలా, టెక్సాస్ పద్ధతి మేలా?

ఎవరైనా అక్టోబరు 10న న్యూజెర్సీ నుంచి డాలస్ పక్కన ఫ్రిస్కోకి మారారనుకోండి. అమెరికా సిటిజనే, అన్ని అర్హతలూ ఉన్నాయి. అయినా 2024 నవంబరు 5న టెక్సాస్ ఓటరుగా ఓటేసే వీల్లేదు. అక్కడ నమోదు గడువు పోలింగ్‌కు 30 రోజుల ముందే ముగుస్తుంది. ఆ ఏడాది అక్టోబరు 7తోనే అయిపోయింది.

అదే మనిషి అదే రోజు మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ చేరి ఉంటే ఓటు దక్కేది. మిన్నెసోటాలో 20 రోజులుగా నివాసం ఉంటే చాలు, పోలింగ్ రోజున కేంద్రానికి వెళ్లి అక్కడే పేరు రాయించుకుని ఓటేయొచ్చు. 1970ల నుంచీ అక్కడ ఇదే పద్ధతి. డ్రైవింగ్ లైసెన్స్ మీద పాత అడ్రసుందా? దాంతోపాటు కొత్త ఇంటి కరెంటు బిల్లు చూపిస్తే సరిపోతుంది. అదీ లేకపోతే, ఆ కేంద్రం పరిధిలోనే నమోదైన ఓటరు వెంట వచ్చి ‘ఈయన ఇక్కడే ఉంటారు’ అని ప్రమాణపూర్వకంగా సంతకం చేయొచ్చు. అలా ఒక ఓటరు ఎనిమిది మందికి దాకా హామీ ఇవ్వొచ్చు.

టెక్సాస్ వైపు వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ముందే గడువు పెడితే దరఖాస్తులను తాపీగా సరిచూసుకోవచ్చు, పోలింగ్ రోజు క్యూలు పెరగవు. మిన్నెసోటాలో ఎన్నిక అయ్యాక అడ్రసుకు కార్డు పంపుతారు, అది తిరిగొస్తే విచారిస్తారు. కానీ అప్పటికే ఆ ఓటు పెట్టెలో పడిపోయి ఉంటుంది. ఈ లోటుకు కాలిఫోర్నియా దారి నాకు నచ్చింది: ఆలస్యంగా నమోదైనవాళ్ల బ్యాలెట్‌ను విడిగా కవరులో పెట్టి, అర్హత తేలాకే లెక్కిస్తారు.

ఒరెగాన్ 2016 నుంచి లైసెన్స్ వివరాలతోనే పేర్లు ఆటోమేటిక్‌గా చేరుస్తోంది. బాగుంది. కానీ ఆ లెక్కల్లోకి రాని మనిషికి పోలింగ్ రోజు దారి లేదు, గడువు అక్కడా ఉంది.

నేను మాత్రం పోలింగ్ రోజు నమోదు వైపే. గడువు దెబ్బ ముఖ్యంగా ఇల్లు మారేవాళ్ల మీదే పడుతుంది: అద్దెకుండేవాళ్లు, విద్యార్థులు, కొత్త ఉద్యోగులు. జాబితాలో పొరపాటు జరిగినా ఆ శిక్ష ఓటరుకే. 2018 డిసెంబరు 7న తెలంగాణలో ఏం జరిగిందో గుర్తుందిగా! ఎంతోమంది కేంద్రానికి వెళ్లాక ఓటు గల్లంతైందని తెలుసుకున్నారు. ఎన్నికల ప్రధానాధికారి క్షమాపణ చెప్పారు. ఆ రోజు పోయిన ఓటు మాత్రం తిరిగి రాలేదు. అక్కడికక్కడే సరిదిద్దే వీలుంటే వాళ్లు ఓటేసి ఇంటికెళ్లేవారు.

అమెరికాలోని మనవాళ్లకు ఒక మాట. గ్రీన్ కార్డు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఎవరు ఓటరు నమోదు ఫారం చేతిలో పెట్టినా సంతకం చేయకండి. సిటిజన్ కాకుండా నమోదైతే వీసాకో గ్రీన్ కార్డుకో ముప్పు రావచ్చు. సిటిజన్లు మాత్రం మిన్నెసోటాలో ఉన్నా సరే, వీలైతే ముందే నమోదు చేసుకోండి. ఆ రోజు క్యూ తప్పుతుంది.